గ్రంథం, సమాధి, గానాధికారం: బెంగుళూరు నాగరత్నమ్మ జీవితకృషి

వ్యాస సంగ్రహం

బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) తెలుగు సాహిత్య చరిత్రలో ముద్దుపళని 'రాధికాసాంత్వనం' కావ్యాన్ని పరిష్కరించి ప్రకటించిన వ్యక్తిగా కనిపిస్తుంది. కర్ణాటక సంగీత చరిత్రలో తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరాన్ని నిర్మించిన భక్తురాలిగా కనిపిస్తుంది. ఈ రెండు చరిత్రలూ చాలావరకు ఒకదానినొకటి పట్టించుకోలేదు. కావ్య పరిష్కరణకూ సమాధి నిర్మాణానికీ ఆమె గాయనీ వృత్తే మూలమని, తంజావూరు సీమలో పెరిగిన తెలుగు వారసత్వంపై స్త్రీకి గల అధికారాన్ని ఆ రెండు కార్యాల ద్వారా ఆమె నిలబెట్టిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నాగరత్నమ్మ, ముద్దుపళని, రాధికాసాంత్వనం, త్యాగరాజ ఆరాధన, దేవదాసి, తంజావూరు తెలుగు.

ఉపోద్ఘాతం

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో మద్రాసు నగరంలో విశేష ప్రజాదరణ పొందిన గాయనీమణులలో బెంగుళూరు నాగరత్నమ్మ ఒకతె. కచేరీలతో ఆర్జించిన ధనంతో ఆమె సొంత ఇల్లు, ఆభరణాలు, సమాజంలో పలుకుబడి సంపాదించుకుంది. మద్రాసులో ఆదాయపు పన్ను చెల్లించిన తొలి మహిళా సంగీత కళాకారిణిగా ఆమెను పేర్కొంటారు. 146 ఊళ్లలో 1235 కచేరీలు చేసిందని ఆమె జీవిత చరిత్రలో లెక్క చెబుతారు. ఇంతటి ప్రసిద్ధి పొందిన గాయని గొంతు నేటి తరానికి దాదాపు వినిపించదు. ఆనాటి గ్రామఫోను పలకకు ఒక్కో వైపు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. గంటల తరబడి సాగే రాగాలాపననూ నెరవునూ ఆ పలక మోయలేదు. కనుక ఆమె గానాన్ని గురించి చెప్పేవన్నీ విన్నవారి మాటలపై ఆధారపడవలసినవే.

గొంతు నిలవకపోయినా ఆమె చేతి మీదుగా జరిగిన రెండు పనులు నిలిచాయి. 1910లో వెలువడిన 'రాధికాసాంత్వనం' ముద్రణ మొదటిది. 1926లో పూర్తయిన త్యాగరాజ సమాధి మందిరం రెండవది. తెలుగు సాహిత్య చరిత్రకారులు మొదటిదాన్ని నిషిద్ధ గ్రంథ చరిత్రలో ఒక ఘట్టంగా చూశారు. సంగీత చరిత్రకారులు రెండవదాన్ని భక్తి గాథగా చెప్పారు. ఈ రెంటినీ కలిపి చెప్పవలసి వచ్చినప్పుడు, యౌవనంలో శృంగార కావ్యాన్ని ప్రకటించిన స్త్రీ పెద్దవయసులో భక్తిమార్గానికి మరలిందన్న వివరణ సులభంగా తోస్తుంది. ఆమె జీవితంలోని తేదీలను, ఆమె వాదాలను వరుసగా పరిశీలిస్తే ఆ వివరణ నిలవదు.

నంజనగూడు నుండి జార్జిటౌన్ వరకు

నాగరత్నమ్మ 1878 నవంబరు 3న మైసూరు సంస్థానంలోని నంజనగూడులో జన్మించింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కులానికి చెందినది. తండ్రి సుబ్బారావు వకీలు. ఆయన వారిని విడిచిపెట్టగా, తల్లి పట్టుదలతో కూతురికి విద్య చెప్పించింది. మైసూరులో బాల్యంలోనే సంస్కృతం అబ్బింది. తరువాత బెంగుళూరు చేరి, మునుస్వామప్ప వద్ద సంగీతం అభ్యసించింది. ఆయన త్యాగరాజ శిష్యుడైన వాలాజాపేట వేంకటరమణ భాగవతుల పరంపరకు చెందినవాడు. సంగీతంతోపాటు నాట్యాన్నీ ఆమె నేర్చింది. మైసూరు హైకోర్టు న్యాయమూర్తి నరహరిరావు పోషణలో కొంతకాలం గడిచిన తరువాత, 1890ల మధ్యకాలంలో మద్రాసు చేరింది.

ఈ వివరాలలో రెండింటిని సాహిత్య విద్యార్థి ప్రత్యేకంగా గమనించాలి. మొదటిది భాషా విషయం. ఆమె పుట్టింది కన్నడ సీమలో, స్థిరపడింది తమిళులు అధికంగా ఉన్న నగరంలో, వృత్తి నడిచింది ప్రధానంగా తెలుగు సాహిత్యంతో. దక్షిణాది సంగీత వృత్తిలో ఉన్నవారికి ఆనాడు తెలుగు వృత్తి భాష. క్షేత్రయ్య పదాలు, త్యాగరాజ కృతులు, స్వరజతులు, జావళులు చాలావరకు ఆ భాషలోనివే. అర్థం తెలియకపోయినా వాటిని పాడిన గాయకులు లేకపోలేదు. సంస్కృతం చదివి, తెలుగు కావ్యాలతో పరిచయం పెంచుకున్న నాగరత్నమ్మ ఆ కోవలోనిది కాదు.

రెండవది గురుపరంపర. త్యాగరాజు తనకు శిష్యపరంపరలో పూర్వగురువన్న భావం ఆమెకు విద్యారంభ కాలం నాటిది. నలభయ్యేళ్లు దాటిన తరువాత హఠాత్తుగా కలిగిన భక్తిగా దాన్ని భావించడానికి వీలులేదు.

మద్రాసులో ఆమె నివసించిన జార్జిటౌన్ ప్రాంతం అప్పటికి కళావంతుల కచేరీలకు ఆటపట్టు. వీణ ధనమ్మాళ్ అక్కడే ఉండేది. క్షేత్రయ్య పదాలను సంప్రదాయశుద్ధంగా కాపాడిన కుటుంబంగా ధనమ్మాళ్ ఇంటికి పేరు. దేవదాసి కుటుంబాలలో పదం చదువు కేవలం స్వరాల చదువు కాదు. నాయిక ఖండితా, కలహాంతరితా, స్వాధీనపతికా అని తేల్చుకోకుండా పదాన్ని పాడటానికిగాని అభినయించడానికిగాని కుదరదు. ఒక పల్లవిని పలుమార్లు తిప్పి పాడుతూ ప్రతిసారీ కొత్త భావాన్ని స్ఫురింపజేయాలంటే పాఠం తప్పు లేకుండా ఉండాలి. పాఠశుద్ధి, రసజ్ఞానం, నాయికా ప్రకృతి వివేచన అనే మూడూ ఆ వృత్తిలోనే అలవడతాయి. తరువాత కావ్య పరిష్కరణలో నాగరత్నమ్మకు అక్కరకు వచ్చినవి ఈ మూడే.

గాయని చదివిన కావ్యం

ముద్దుపళని పద్దెనిమిదవ శతాబ్దికి చెందిన కవయిత్రి. తంజావూరును పాలించిన మరాఠా రాజు ప్రతాపసింహుని (పాలన 1739–1763) ఆస్థానంలో ఆమె మన్ననలు పొందింది. ఆమె పితామహి తంజనాయకి కూడా విద్వాంసురాలు. నాయకరాజుల కాలంలో రామభద్రాంబ, రంగాజమ్మ వంటి కవయిత్రులతో మొదలైన తంజావూరు స్త్రీ కవితా సంప్రదాయం మరాఠాల కాలంలోనూ తెగిపోలేదనడానికి ముద్దుపళని నిదర్శనం.

'రాధికాసాంత్వనం' నాలుగాశ్వాసాల శృంగార ప్రబంధం. తాను పెంచిన ఇళాదేవిని రాధ స్వయంగా కృష్ణునికిచ్చి పెండ్లి చేయిస్తుంది. నవవధువుకు శృంగార విషయాలలో బుద్ధులు చెబుతుంది. కృష్ణునికీ చెప్పవలసినవి చెబుతుంది. వారిద్దరూ ఒకరినొకరు విడవకుండా ఉండటం చూసి చివరికి విరహాన్నీ ఈర్ష్యనూ తట్టుకోలేకపోతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను సాంత్వనపరచడం కావ్యానికి ఫలం. రాధ వయసు మీరిన స్త్రీ. ఆమె కోరిక కథను నడిపిస్తుంది. పురుషుడు స్త్రీని బతిమాలుకోవడం తెలుగు కావ్యాలకు కొత్త కాదు. నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లో సత్య పాదాలకు కృష్ణుడు తల వంచిన సన్నివేశాన్ని తరతరాల పండితులు మెచ్చుకుంటూనే వచ్చారు. ముద్దుపళని కావ్యంలో కొత్తదనం, కోరికను అనుభవించే స్త్రీ పక్షాన నిలబడి స్త్రీయే కథ చెప్పడంలో ఉంది.

తంజావూరు ఆంధ్ర రాజుల చరిత్ర చదువుతుండగా ముద్దుపళని ప్రస్తావన నాగరత్నమ్మ కంటబడింది. గ్రంథం కోసం ఆమె వెదికింది. సి.పి. బ్రౌన్ పరిచయస్థుడైన పైడిపాటి వెంకటనరసు 1887లో ముద్రింపించిన ప్రతి ఆమెకు చేరింది. ఆ ముద్రణలో కొన్ని పద్యాలు లోపించాయి. కవయిత్రి తన వంశాన్ని చెప్పుకున్న పీఠికాభాగం కూడా లేదు. తరువాత లభించిన వ్రాతప్రతితో ముద్రిత ప్రతిని సరిపోల్చి, లోపించినవాటిని తిరిగి చేర్చి, ఆమె పరిష్కృత ప్రతిని సిద్ధం చేసింది. 1910లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ వారు దానిని ప్రచురించారు.

ఆ పీఠికాభాగం లోపించడాన్ని చిన్న విషయంగా పరిగణించరాదు. ప్రబంధ కవులు అవతారికలో తండ్రి తాతలను స్తుతించి తమ వంశ ప్రతిష్ఠను చాటడం పరిపాటి. ముద్దుపళని అదే స్థానంలో తన ఇంటి స్త్రీలను నిలిపి, విద్య తనకు స్త్రీపరంపరగా సంక్రమించిందని చూపింది. శృంగార పద్యాలు తొలగిస్తే కావ్యంలో కొన్ని వర్ణనలు పోతాయి. వంశవర్ణన తొలగిస్తే కవయిత్రి ఎవరో, ఆమెకు ఆ విద్య ఎక్కడిదో తెలియకుండా పోతుంది. నాగరత్నమ్మ రెండింటినీ పునఃస్థాపించింది. దేవదాసి కులానికి చెందిన పరిష్కర్త, అదే కులానికి చెందిన కవయిత్రి వంశాన్ని తిరిగి అచ్చులోకి తేవడంలో ఆత్మగౌరవ ప్రకటన ఉంది. ఈ కావ్యాన్ని రచించినది ఒక స్త్రీ కావడమేగాక, తమ కులంలో పుట్టిన స్త్రీ కావడం తనను ఈ పనికి పురికొల్పిందని ఆమె పీఠికలో దాచకుండా చెప్పింది.

నిషేధం, వాదప్రతివాదాలు

కందుకూరి వీరేశలింగం 'ఆంధ్రకవుల చరిత్రము'లో ముద్దుపళనిని కఠినంగా విమర్శించాడు. శృంగారం నెపంతో స్త్రీ నోట రాకూడని, స్త్రీలు వినకూడని విషయాలను ఆమె కావ్యంలో నింపిందన్నది ఆయన విమర్శ సారాంశం. కవయిత్రి కులవృత్తిని కూడా ఆ విమర్శలో భాగం చేశాడు. వీరేశలింగం స్త్రీవిద్యకూ వితంతు వివాహాలకూ జీవితాన్ని ధారపోసిన సంస్కర్త. ఆయన దృష్టిలో వేశ్యావృత్తి నిర్మూలన సంఘసంస్కరణలో విడదీయరాని భాగం. గృహిణి కాబోయే విద్యావతికి ఏ పుస్తకం అందాలి, ఏది అందకూడదు అన్న ఆందోళన ఆ విమర్శ వెనుక ఉంది. దాన్ని కేవలం ద్వేషంగా చూస్తే ఆ కాలపు సంఘర్షణ అర్థం కాదు.

నాగరత్నమ్మ సమాధానం ఔచిత్య చర్చగా సాగింది. ఔచిత్యం అనేది స్త్రీ కవులకు మాత్రమే వర్తించి, పురుష కవులకు వర్తించదా అన్నది ఆమె ప్రధాన ప్రశ్న. వేశ్య గనుక ఆమె అలా రాసిందనుకుంటే, అంతకంటె తక్కువ కాని వర్ణనలు చేసిన పెద్ద కవుల మాటేమిటని ఆమె అడిగింది. వీరేశలింగం ఆమోదాన్ని పొందిన 'వైజయంతీవిలాసం'ను ఆమె ఉదాహరణగా చూపింది. ఆ ఎంపికలో ఒక చమత్కారం ఉంది. సారంగు తమ్మయ రచించిన ఆ కావ్యం విప్రనారాయణుని కథ. దేవదేవి అనే వేశ్య పరమభక్తుని వశపరచుకోవడం అందులో ఇతివృత్తం. వేశ్యను పాత్రగా చేసి పురుషుడు రాస్తే పాఠ్యగ్రంథమై, వేశ్య తానే రాస్తే హేయమవుతుందా అన్న ప్రశ్న ఆ ఒక్క ఉదాహరణలోనే ఇమిడి ఉంది. శృంగారం గొప్పదా కాదా అన్న చర్చలోకి దిగకుండా, ప్రమాణం అందరికీ ఒకటేనా అని నిలదీయడం ఈ వాదంలోని పటుత్వం.

ముద్రణ వెలువడిన వెంటనే పత్రికలలో దుమారం రేగింది. మద్రాసునుండి వెలువడే 'శశిలేఖ' పత్రిక కవయిత్రినీ పరిష్కర్తనూ వారి కులం పేరుతోనే ఆక్షేపించింది. 1911లో పోలీసు కమిషనర్ కన్నింగ్‌హామ్ ఆధ్వర్యంలో ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. అశ్లీలమన్న నెపంతో గ్రంథం నిషేధానికి గురయింది. పండితులు నిరసనలు తెలిపారు. వావిళ్లవారు న్యాయపోరాటానికి దిగారు. 1927లో మళ్లీ వావిళ్లవారిపై పోలీసు దాడి జరిగింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలంలో, 1947లో, నిషేధం తొలగింది. 1952లో వావిళ్లవారు గ్రంథాన్ని తిరిగి ముద్రించారు.

ఈ నలభయ్యేళ్ల వ్యవధి తెలుగు సాహిత్య చరిత్ర రచనకు కీలకమైన కాలం. దక్షిణాంధ్ర వాఙ్మయాన్ని 'క్షీణయుగం' కింద చేర్చే అలవాటు ఈ దశకాలలోనే స్థిరపడింది. ఒక ముఖ్య గ్రంథం పాఠకులకు అందుబాటులో లేని కాలంలో ఆ యుగంపై తీర్పు వెలువడిందన్న సంగతిని సాహిత్య చరిత్ర అధ్యాపకులు గుర్తుంచుకోవాలి.

తిరువయ్యారులో సమాధి మందిరం

త్యాగరాజు 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందాడు. తిరువయ్యారులో కావేరి ఒడ్డున ఆయన సమాధి ఉంది. కొంతకాలం దాన్ని పట్టించుకున్నవారు లేరు. 1903లో ఉమయాళపురం కృష్ణ భాగవతులు, సుందర భాగవతులు సమాధిని బాగుచేయించారు. తరువాత సంవత్సరోత్సవాలు మొదలయ్యాయి. తిల్లస్థానం నరసింహ భాగవతులు, పంజు భాగవతులు అనే సోదరులు నడిపించిన ఆ ఉత్సవం వివాదాల కారణంగా 'పెద్ద కక్షి', 'చిన్న కక్షి' అనే రెండు వర్గాలుగా చీలింది. రెండు వర్గాలూ సంగీతోత్సవానికి చూపిన శ్రద్ధ సమాధి కట్టడంపై చూపలేదు. రెండింటిలోనూ స్త్రీలకు పాడే అవకాశం లేదు.

మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప సమాధి దుస్థితిని వివరిస్తూ నాగరత్నమ్మకు లేఖ రాశాడు. ఆమె స్వయంగా వెళ్లి చూసింది. స్థలం సంపాదించి, 1921 అక్టోబరు 27న శంకుస్థాపన చేయించింది. ఆభరణాలు అమ్మి, కచేరీల రాబడి వెచ్చించి మందిరం కట్టించింది. త్యాగరాజ విగ్రహాన్ని ప్రతిష్ఠింపజేసింది. 1926 జనవరి 7న కుంభాభిషేకం జరిగింది. నిత్యపూజకు ఏర్పాట్లు చేసింది. త్యాగరాజుపై సంస్కృతంలో అష్టోత్తర నామావళి రచించింది.

మందిరం కట్టించినంత మాత్రాన ఆమెకు అందులో పాడే హక్కు దక్కలేదు. ఆరాధన రోజున సమాధి ముందు తనకు అవకాశం ఇవ్వమని అడిగితే నిర్వాహకులు నిరాకరించారు. ఆమె వెనుదిరగలేదు. స్త్రీలను కూడగట్టి మందిరం వెనుక భాగంలో ప్రత్యేకంగా ఆరాధన నడిపింది. అప్పటికే ఉన్న రెండు కక్షులకు తోడుగా అది 'స్త్రీల కక్షి'గా ప్రసిద్ధమైంది. తాను కట్టించిన మందిరానికి ముందు పురుష విద్వాంసులు పాడుతుండగా, వెనుక ఆమె దేవదాసి గాయనులతో కలిసి పాడింది.

ఇక్కడ ఆమె అనుసరించిన క్రమాన్ని గ్రంథ పరిష్కరణ క్రమంతో పోల్చవచ్చు. రెండు సందర్భాలలోనూ మొదట చేసినది మూలాన్ని వెదకడం. ఒకచోట వ్రాతప్రతి, మరొకచోట శిథిలమైన సమాధి. తరువాత సొంత వ్యయప్రయాసలతో దాన్ని పునరుద్ధరించడం. ఆ పిమ్మట, పునరుద్ధరించిన వారసత్వంపై తమ కులస్త్రీలకు గల హక్కును బహిరంగంగా ప్రకటించడం. అక్కడ 'స్త్రీ రాయవచ్చునా' అన్న ప్రశ్న. ఇక్కడ 'స్త్రీ పాడవచ్చునా' అన్న ప్రశ్న. రెండు చోట్లా నిరాకరించినవారు ఆ స్త్రీల విద్వత్తును ఆక్షేపించలేదు. వారి కులాన్నీ వృత్తినీ కారణంగా చూపారు.

భౌగోళికంగానూ ఈ రెండు కార్యాలు ఒకే సీమకు చెందినవి. ముద్దుపళని రాసిన తంజావూరుకూ త్యాగరాజు జీవించిన తిరువయ్యారుకూ మధ్య కొద్ది మైళ్ల దూరమే. కాలంలోనూ వారు దగ్గరివారు. ప్రతాపసింహుని పాలన 1763లో ముగిస్తే, త్యాగరాజు 1767లో జన్మించాడు. రాజాస్థానపు శృంగార ప్రబంధం, ఉంఛవృత్తితో జీవించిన వాగ్గేయకారుని రామభక్తి కీర్తన రెండూ కావేరి తీరపు తెలుగులోంచే వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దపు అభిరుచి వీటిలో ఒకదాన్ని పూజార్హంగా, మరొకదాన్ని నిషేధార్హంగా విభజించింది. పదమూ కృతీ ఒకే కచేరీలో పాడే సంప్రదాయంలో పెరిగిన గాయనికి ఆ విభజన సమ్మతం కాలేదు.

1927: మూడు రంగాలు, ఒకే ప్రశ్న

నాగరత్నమ్మ జీవితంలో 1927 ప్రాంతం ప్రత్యేకంగా పరిశీలించదగినది. వావిళ్లవారిపై రెండవసారి పోలీసు దాడి జరిగింది అప్పుడే. తిరువయ్యారులో స్త్రీల కక్షి ఏర్పడింది ఆ కాలంలోనే. ఆ సంవత్సరమే డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసి అంకితాన్ని నిర్మూలించాలని తీర్మానం తెచ్చింది. దాన్ని వ్యతిరేకిస్తూ మద్రాసు రాజధానిలోని దేవదాసీలు సంఘంగా ఏర్పడి ప్రభుత్వానికి విజ్ఞాపన సమర్పించారు. ఆ ఉద్యమానికి నాగరత్నమ్మ ముఖ్య నాయకురాలు.

ఈ వివాదంలో ఇరుపక్షాలకూ బలమైన కారణాలున్నాయి. ముత్తులక్ష్మీరెడ్డి తల్లి కూడా దేవదాసి కుటుంబంలోనిదే. మైనరు బాలికలను అంకితం పేరుతో వ్యభిచారంలోకి దింపే దురాచారాన్ని ఆమె ప్రత్యక్షంగా ఎరిగినది. ఆమె పోరాటంలోని మానవీయతను కాదనలేం. దేవదాసీల వాదం వేరు. దేవాలయ సేవకూ వ్యభిచారానికీ భేదం ఉందని, కొందరి దుష్ప్రవర్తనకు మొత్తం సంఘాన్ని శిక్షించరాదని, సంగీత నాట్యాలు తమ వల్లనే నిలిచాయని వారు విన్నవించారు. నిర్మూలనకు బదులు విద్యను కోరారు. ధార్మిక, సాహిత్య, కళా విద్యలు తమకు అందిస్తే పూర్వపు గౌరవాన్ని తిరిగి పొందగలమన్నారు.

ముద్దుపళని పీఠికను తిరిగి అచ్చువేయించిన పరిష్కర్త దృష్టితో ఈ విజ్ఞాపనను చదివితే దాని సారం మరింత స్పష్టమవుతుంది. స్త్రీకి ఆస్తిహక్కు, అక్షరాస్యత, బహిరంగ వేదిక దుర్లభమైన కాలంలో ఆ మూడూ కొంతవరకైనా ఉన్న కులం అది. ఆ కులాన్ని కేవలం పతితవర్గంగా నిర్వచిస్తే, దాని విద్యాచరిత్ర కూడా దానితోపాటు తుడిచిపెట్టుకుపోతుందన్న భయం నాగరత్నమ్మది. ఆ భయం నిరాధారమని తరువాతి చరిత్ర చెప్పదు. దేవదాసీల సదిర్ ఆట భరతనాట్యంగా పేరు మార్చుకొని ఇతర కులాల వేదికలెక్కింది. దాన్ని కాపాడిన కుటుంబాలు క్రమంగా తెరమరుగయ్యాయి. అయితే చట్టం కాపాడదలచిన బాలికల గోడుకు నాగరత్నమ్మ పక్షం పూర్తి సమాధానం చెప్పగలిగిందని కూడా అనలేం. ఆమె సంఘంలో విద్యావతులైన గాయనుల స్థితి వేరు, పేదరికంలో అంకితమైన బాలికల స్థితి వేరు. ఈ అంతరాన్ని గుర్తించినప్పుడే ఆమె వాదాన్ని న్యాయంగా అంచనా వేయగలం.

1947లో 'రాధికాసాంత్వనం'పై నిషేధం తొలగింది. ఆ సంవత్సరమే మద్రాసు రాష్ట్రంలో దేవదాసి అంకిత నిరోధక చట్టం ఆమోదం పొందింది. ఒక కులస్త్రీ రచించిన కావ్యానికి విముక్తి లభించిన ఏడే ఆ కులానికి ఆధారమైన ఆచారం చట్టవిరుద్ధమయింది. తొలి సంపుటం నాటికి ముప్ఫయి ఏళ్లు దాటిన పరిష్కర్త, రెండు ఘట్టాలనూ డెబ్బైకి చేరువైన వయసులో చూసింది.

సమైక్య ఆరాధన, వీలునామా

మూడు వర్గాల ఆరాధనలు చాలాకాలం వేర్వేరుగా సాగాయి. ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామి, విద్వాంసుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ ప్రభృతుల చొరవతో 1940–41 నాటికి అవి ఒక్కటయ్యాయి. శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభ ఏర్పడింది. స్త్రీలకు సమాధి సన్నిధిలో పాడే అవకాశం లభించింది. నేడు పుష్య బహుళ పంచమి నాడు స్త్రీ పురుషులు పక్కపక్కనే కూర్చుని ఘనరాగ పంచరత్నాలు ఆలపించే దృశ్యం ఎంతో ప్రాచీనమైనదిగా కనిపిస్తుంది. వాస్తవానికి స్త్రీల విషయంలో దానికి నూరేళ్లు కూడా నిండలేదు.

ఈ సమైక్యతలో నాగరత్నమ్మ వదులుకున్నదీ ఉంది. మందిరం ఆమె కట్టించినది, పూజా నిర్వహణ ఆమెది. ఉత్సవ నిర్వహణ మాత్రం పురుష విద్వాంసులు ప్రధానంగా ఉన్న సభ చేతికి వెళ్లింది. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదని ఆమె వీలునామా సూచిస్తుంది. 1949 జనవరి 5న రాయించిన ఆ పత్రంలో తన ఆస్తిని త్యాగరాజ సమాధి కైంకర్యానికి ధర్మనిధిగా ఏర్పాటు చేసింది. దేవదాసీలతో సహా స్త్రీలు అక్కడ ఆరాధించడానికీ గానం చేయడానికీ ఎవరూ అడ్డుచెప్పరాదని అందులో నిబంధన ఉంచింది. సభల ఔదార్యం మారవచ్చు. దస్తావేజులో రాసిన షరతు నిలుస్తుంది. నిషేధాన్నీ నిరాకరణనూ చూసిన వ్యక్తి చట్టభాషలో తీసుకున్న జాగ్రత్త అది.

చివరి సంవత్సరాలను ఆమె తిరువయ్యారులోనే గడిపింది. 1952 మే 19న మరణించింది. త్యాగరాజ సమాధికి సమీపంలోనే ఆమె సమాధి నిర్మించి, ఆయన సన్నిధికి అభిముఖంగా ఆమె విగ్రహాన్ని నిలిపారు. వావిళ్లవారి పునర్ముద్రణ వెలువడినదీ ఆ సంవత్సరమే.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి.

మొదటిది, నాగరత్నమ్మ పరిష్కరణ కృషిని గ్రంథ నిషేధ చరిత్రకు పరిమితం చేయరాదు. వ్రాతప్రతినీ ముద్రిత ప్రతినీ సరిపోల్చి, లుప్త భాగాలను పునరుద్ధరించి, విమర్శకునికి ప్రమాణబద్ధంగా సమాధానమిచ్చిన పరిష్కర్తగా తెలుగు పాఠ పరిష్కరణ చరిత్రలో ఆమెకు స్థానం ఉండాలి.

రెండవది, శృంగారం నుండి భక్తికి మరలిన జీవితంగా ఆమె కథను చెప్పడం కాలక్రమానికి విరుద్ధం. త్యాగరాజ పరంపర ఆమెకు బాల్యవిద్యలోనే లభించింది. దేవదాసీల విద్యాగౌరవం కోసం చేసిన వాదం సమాధి నిర్మాణం తరువాత కూడా సాగింది. వీలునామా వరకు అదే స్వరం వినిపిస్తుంది.

మూడవది, తంజావూరు తెలుగును అంచనా వేసేటప్పుడు దాన్ని పాడి, ఆడి, నిలబెట్టిన వృత్తి కళాకారిణులను సాహిత్య చరిత్రలో భాగంగా చూడాలి. పదకవిత, ప్రబంధం, కృతి వేర్వేరు అధ్యాయాలుగా విడిపోయినందువల్ల, మూడింటినీ ఒకే గొంతులో నిలుపుకున్నవారికి ఏ అధ్యాయంలోనూ చోటు దక్కలేదు. దక్షిణాంధ్ర వాఙ్మయాన్ని బోధించే తరగతి గదిలో ముద్దుపళని పక్కన నాగరత్నమ్మను, నాగరత్నమ్మ పక్కన త్యాగరాజును నిలిపి చూపితే ఆ యుగపు సమగ్ర స్వరూపం విద్యార్థికి అందుతుంది.